వేప్‌లో టెంపరేచర్ కంట్రోల్ కచ్చితంగా పనిచేయాలంటే: వైరు ఎంపిక నుంచి దూది పరీక్ష దాకా

వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, బ్యాటరీ, తెర, బటన్ ఉండే భాగమే మాడ్. దాని తెర మీద 220 డిగ్రీలు అని కనిపిస్తే, లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్ పక్కన ఎక్కడో చిన్న థర్మామీటర్ ఉందనుకుంటారు చాలామంది. అలాంటిదేమీ లేదు. మాడ్ కొలిచేది రెసిస్టెన్స్ ఒక్కటే. వైరు వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఈ లోహానికి ఇంత పెరిగిందంటే వేడి ఇంత అయ్యుండాలి అని మాడ్ లెక్క కట్టి ఆ అంకె చూపిస్తుంది. లెక్కలోకి వెళ్లే అంకెలు సరిగ్గా ఉంటే తెర మీది అంకెను నమ్మొచ్చు. లేకపోతే ఎంత ఖరీదైన మాడ్ అయినా తప్పే చెబుతుంది.

టీసీతో, అంటే టెంపరేచర్ కంట్రోల్‌తో విసిగిపోయి మళ్లీ వాట్ మోడ్‌కి (వేడి చూడకుండా, పెట్టినన్ని వాట్లు పంపే పద్ధతికి) వెళ్లిపోయినవాళ్ల ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరికి ఆవిరే రాదు. ఇంకొకరికి కాయిల్‌కి లిక్విడ్ అందించే దూది మాడిపోతుంది. మరొకరికి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం మాడ్ తప్పు కాదు. వదులైన స్క్రూనో, మురికి పట్టిన కనెక్టరో, కాయిల్ వేడిగా ఉండగానే లాక్ (చల్లటి రెసిస్టెన్స్‌ని మాడ్‌కి గుర్తుపెట్టించే సెట్టింగ్) నొక్కేయడమో కారణమై ఉంటుంది. కాబట్టి కింద చెప్పేదంతా ఒకే పని గురించి: మాడ్‌కి కనిపించే రెసిస్టెన్స్ నిజంగా కాయిల్‌దే అయ్యేలా చూసుకోవడం.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

సిగరెట్ మానేసి వేప్‌కి మారిన పెద్దవాళ్ల కోసం, అది చట్టబద్ధమైన దేశాల్లో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. పొగ అలవాటే లేనివాళ్లు ఇటువైపు రావాల్సిన అవసరం లేదు. నికోటిన్ ఒకసారి పట్టుకుంటే వదలదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాక అక్కడ ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నేరమే. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వకైతే ఆరు నెలల దాకా జైలు, లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. లండన్ నుంచో డాలస్ నుంచో సెలవులకి ఇంటికి వెళ్లేవాళ్లు మాడ్‌ని అక్కడే వదిలేసి వెళ్లండి. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. అక్కడ దగ్గర పెట్టుకోవడమే నేరం.

ఇంకో సంగతి. మీ దగ్గర ఉన్నది చిన్న పాడ్ అయితే, మెనూలో నికెల్, టైటానియం, ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) అనే మాటలే లేకపోతే, అందులో టీసీ లేదన్నమాట. ఇక్కడ చెప్పేదానికి సెట్టింగ్ మార్చుకునే మాడ్, చేత్తో కాయిల్ కట్టుకునే అటామైజర్ (మాడ్ మీద బిగించే, కాయిల్, దూది, లిక్విడ్ ఉండే భాగం) ఉండాలి. కనీసం ఎస్‌ఎస్ 316ఎల్ అని స్పష్టంగా రాసి ఉన్న రెడీమేడ్ కాయిల్ అయినా ఉండాలి.

ఈ తంటా అంతా ఎందుకంటే, ఈ-లిక్విడ్‌లోని గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మోతాదుకు మించి కాగితే విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుడతాయి. దూది ఎండిపోయి కాయిల్ వేడి ఒక్కసారిగా ఎగబాకినప్పుడే ఇది ఎక్కువ. టీసీ సరిగ్గా ఉంటే ఆ ఎగబాకుడుకి అడ్డుకట్ట పడుతుంది. వేపింగ్ హానిలేనిదైపోదు, ఒక పెద్ద ఇబ్బంది తగ్గుతుంది, అంతే.

ముందు లెక్క అర్థం చేసుకోండి

ప్రతి లోహానికీ టీసీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క డిగ్రీ పెరిగితే రెసిస్టెన్స్ ఎన్నో వంతు పెరుగుతుందో అది చెబుతుంది. నికెల్ 200 వైరుకి సుమారు 0.006, టైటానియంకి 0.0035, ఎస్‌ఎస్ 316ఎల్‌కి 0.0009 చుట్టుపక్కల. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన కాంథాల్ వైరుకి దాదాపు సున్నా. అందుకే కాంథాల్‌తో టీసీ కుదరదు. ఎర్రగా కాలినా దాని రెసిస్టెన్స్ పెద్దగా కదలదు, మాడ్‌కి ఏమీ తెలియదు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఎస్‌ఎస్ 316ఎల్ కాయిల్, 20 డిగ్రీల దగ్గర 0.50 ఓమ్. టీసీఆర్ 0.00092. 220 డిగ్రీలకి చేరిందంటే 200 డిగ్రీలు పెరిగినట్టు. 200ని 0.00092తో గుణిస్తే 0.184. అంటే రెసిస్టెన్స్ 18.4 శాతం పెరిగి 0.592 అవ్వాలి. మాడ్ 0.592 కనిపించేదాకా కరెంటు పంపిస్తుంది, కనిపించగానే తగ్గిస్తుంది.

మొత్తం ప్రయాణం 0.50 నుంచి 0.592 దాకానే. 200 డిగ్రీల తేడా అంతా 0.092 ఓమ్‌లో ఇమిడిపోయింది. ఒక్క డిగ్రీకి వచ్చేది ఓమ్‌లో రెండు వేలవ వంతు కన్నా తక్కువ. లాక్ చేశాక స్క్రూ కాస్త వదులై 0.01 ఓమ్ అటూ ఇటూ అయిందంటే, మాడ్ లెక్క 22 డిగ్రీలు తప్పుతుంది. అదే ఎస్‌ఎస్ వైరుతో 0.20 ఓమ్ కాయిల్ కట్టి ఉంటే, అంతే వదులుకి తప్పు 54 డిగ్రీలు! 0.40 ఓమ్ టైటానియం కాయిల్‌కైతే 7 డిగ్రీలే. ఈ మూడు అంకెలు గుర్తుంటే మిగతా జాగ్రత్తలు ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి.

1. వైరు ఏదో తేల్చుకోండి

టీసీ మొదట జనంలోకి వచ్చింది నికెల్‌తో. 2014లో ఎవాల్వ్ కంపెనీ మాడ్‌ని నడిపే డీఎన్‌ఏ 40 బోర్డు తెచ్చినప్పుడు నికెల్ 200 ఒక్కటే దిక్కు. ఆ వైరు చాలా మెత్తన, కాయిల్ ఆకారం నిలవదు. రెసిస్టెన్స్ కూడా 0.10 ఓమ్ దగ్గర పడి ఉంటుంది. ఇప్పుడు నికెల్ వాడమని నేను ఎవరికీ చెప్పను. పైగా నికెల్ ఎలర్జీ ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు.

కచ్చితత్వం ఒక్కటే చూస్తే టైటానియం మేలు. కానీ దాన్ని ఎర్రగా కాల్చకూడదు. పైన తెల్లటి ఆక్సైడ్ పొడి ఏర్పడుతుంది, బాగా వేడెక్కితే అంటుకునే గుణమూ ఉంది. వాట్ మోడ్‌లో పొరపాటున కూడా బటన్ నొక్కకూడని వైరు అది. చెయ్యి తిరిగినవాళ్లకే వదిలేయండి.

మిగిలింది ఎస్‌ఎస్ 316ఎల్. టీసీఆర్ తక్కువే అయినా, గట్టిగా ఉంటుంది, ఆకారం నిలుస్తుంది, టీసీలోనూ వాట్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. మొదలుపెట్టేవాళ్లకి ఇదే నా సలహా, మిగతా దశలన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

వైరు చుట్ట మీద లేబుల్ ఊడిపోయిందా? ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకోండి. కాంథాల్, నికెల్ 200, ఎస్‌ఎస్ 430 అయస్కాంతానికి టక్కున అతుక్కుంటాయి. ఎస్‌ఎస్ 316ఎల్, టైటానియం, నైక్రోమ్ అతుక్కోవు. 316ఎల్ అని కొన్న వైరు గట్టిగా అతుక్కుంటే అది 316ఎల్ కాదు, పక్కన పెట్టేయండి. మరీ సన్నటి తీగగా లాగిన 316ఎల్ కొద్దిగా కదిలినట్టు అనిపించొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు.

2. ఓమ్ కాస్త ఎక్కువ ఉండేలా కట్టండి

పైన చూసిన 54 డిగ్రీల తప్పు గుర్తుందిగా. ఎస్‌ఎస్‌తో 0.20, 0.15 ఓమ్ కాయిల్ కట్టి టీసీ కచ్చితంగా రావాలంటే కష్టం. 0.45 నుంచి 0.60 మధ్యలో ఉంచండి. 26 గేజ్, అంటే 0.4 మిల్లీమీటర్ల వైరుని 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఏడు చుట్లు చుడితే సుమారు 0.50 ఓమ్ వస్తుంది. 28 గేజ్ అయితే 2.5 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లకి 0.6కి దగ్గరగా వస్తుంది. మీ వైరు ప్రకారం లెక్క చూసుకోవాలంటే స్టీమ్ ఇంజిన్ అనే ఉచిత కాలిక్యులేటర్ ఉంది.

ఒకే కాయిల్ పెట్టండి. రెండు కాయిల్స్ పెడితే మాడ్‌కి కనిపించేది రెండిటి ఉమ్మడి రెసిస్టెన్స్. ఒకటి మాడుతూ ఇంకొకటి చల్లగా ఉన్నా సగటు సరిపోతుంది, మాడ్ నోరెత్తదు. క్లాప్టన్ లాంటి అల్లిక కాయిల్స్ కూడా ఇప్పుడే వద్దు. లోపలి తీగ ఒక లోహం, పైన చుట్టింది ఇంకోటి అయితే టీసీఆర్ ఏ అంకె పెట్టాలో ఎవరూ చెప్పలేరు.

3. చుట్లు విడివిడిగా, కాళ్లు పొట్టిగా

చుట్లు ఒకదానికొకటి తగులుతుంటే కరెంటు అడ్డదారిన ఒక చుట్టు నుంచి పక్క చుట్టులోకి దూకుతుంది. కాలిన మరకలు ఏర్పడేకొద్దీ ఆ దారులు మారుతుంటాయి, రెసిస్టెన్స్ కూడా నిలకడగా ఉండదు. చుట్టు చుట్టుకీ మధ్య వైరు మందం అంత ఖాళీ వదలండి. కాయిల్ నుంచి పోస్ట్ (వైరు చివరని స్క్రూతో బిగించే స్తంభం) దాకా ఉండే కాళ్లు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కాళ్లు దూదికి తగలవు, చుట్లంత వేడీ అవ్వవు, అయినా లెక్కలో కలుస్తాయి.

స్క్రూ కింద వైరు పూర్తిగా కూర్చోవాలి. అంచు మీద ఎక్కితే బిగించినప్పుడు సగం తెగుతుంది, అక్కడే రెసిస్టెన్స్ ఊగిసలాట మొదలవుతుంది. మిగిలిన తోకను పోస్ట్‌కి ఆనించి కత్తిరించండి. డెక్‌కి, అంటే కాయిల్ కూర్చునే లోహపు అడుగుకి తగిలితే షార్ట్ అవుతుంది.

ఇప్పుడు దూది పెట్టకుండా 10 వాట్ల దగ్గర రెండు మూడుసార్లు క్షణం పాటు నొక్కి వదలండి. ఎర్రబడకూడదు, వెచ్చబడితే చాలు. దీనివల్ల రెండు లాభాలు. చుట్టినప్పుడు వైరులో పడ్డ బిగువు కొంత సడలి రెసిస్టెన్స్ నిలకడకి వస్తుంది. వేడికి లోహం వ్యాకోచించి స్క్రూలు కాస్త వదులవుతాయి కూడా, అది ఇప్పుడే బయటపడితే నయం. చల్లారాక రెండు స్క్రూలూ మరోసారి బిగించండి. చాలామంది వదిలేసేది ఈ రెండో బిగింపే.

4. మాడ్‌కి, అటామైజర్‌కి మధ్య

ఆ మరలున్న జాయింటుని 510 కనెక్టర్ అంటారు. టీసీ సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి. లిక్విడ్ కారి, ఎండి, మధ్య పిన్ను మీద జిగురుగా పేరుకుంటుంది. వాట్ మోడ్‌లో ఆ కాస్త తేడా తెలియదు, టీసీలో తెలుస్తుంది. బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో మాడ్ వైపు పిన్ను, మరలు, అటామైజర్ అడుగు శుభ్రంగా తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి. మధ్య పిన్నుకి స్ప్రింగ్ ఉంటే వేలితో నొక్కి చూడండి, కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. దిగి అక్కడే ఉండిపోతే ఆ మాడ్ మీద టీసీ నిలవదు.

శుభ్రం చేశాక అటామైజర్ బిగించి, తెర మీద ఓమ్ చూస్తూ దాన్ని మెల్లగా అటూ ఇటూ కదిలించండి. పైనుంచి నొక్కండి. పక్కకి వంచినట్టు ఒత్తండి. మూడు దశాంశ స్థానాలు చూపించే మాడ్ అయితే చివరి అంకె కొద్దిగా ఊగితే ఫరవాలేదు. రెండో స్థానం మారుతుంటే ఆగండి. డెక్ స్క్రూలు, అటామైజర్ అడుగున ఉన్న పిన్ను బిగువు, కనెక్టర్ ఈ వరసలో మళ్లీ చూడండి. ఇది తేలేదాకా ముందుకు వెళ్లకండి. ఇక్కడి తప్పుని తర్వాత ఏ సెట్టింగూ సరిదిద్దలేదు.

మాడ్ లోపల సర్క్యూట్‌కి కూడా కొంత స్థిరమైన రెసిస్టెన్స్ ఉంటుంది. డీఎన్‌ఏ బోర్డులున్నవాళ్లు ఎస్క్రైబ్ సాఫ్ట్‌వేర్‌లో మాడ్ రెసిస్టెన్స్ అనే గడిలో తయారీదారు ఇచ్చిన విలువ ఉందో లేదో చూడండి. ఇది మారకుండా ఉండే తప్పు కాబట్టి పెద్ద కాయిల్‌కి నష్టం తక్కువ. లెక్కలోకి రాని 0.01 ఓమ్ ఉంటే 0.50 కాయిల్ 220 దగ్గర సుమారు 4 డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. 0.10 నికెల్ కాయిల్ అయితే 20 డిగ్రీలు.

5. చల్లారాక మాత్రమే లాక్

దశలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. మాడ్ తన లెక్కంతా చల్లటి రెసిస్టెన్స్ మీద కడుతుంది. మీరు లాక్ నొక్కిన క్షణంలో కాయిల్ గది వేడిలో ఉందని నమ్ముతుంది. చాలా మాడ్‌లు గది వేడి అంటే 20 డిగ్రీలే అనుకుంటాయి.

కాయిల్ ఇంకా 35 డిగ్రీల దగ్గర ఉండగా లాక్ చేశారనుకోండి. రెసిస్టెన్స్ 0.507గా నమోదవుతుంది. మీరు 220 పెడితే దానిమీద 18.4 శాతం పెరిగేదాకా, అంటే 0.600 దాకా పోనిస్తుంది. అసలు కాయిల్‌కి అది 238 డిగ్రీలు. తెర మాత్రం 220 అంటుంది. పదిహేను డిగ్రీల వెచ్చదనం పద్దెనిమిది డిగ్రీల తప్పు తెచ్చింది. ఎండలో కారులో వదిలేసిన మాడ్‌ని తీసి లాక్ చేసినా ఇదే జరుగుతుంది. దీనికి తిరగేసిన కథ చలికాలంలో. ఇంగ్లండ్‌లో హీటర్ వేయని గదిలో, 8 డిగ్రీల దగ్గర లాక్ చేస్తే అసలు వేడి 206 దగ్గరే ఆగిపోతుంది, ఆవిరి పలచగా వస్తుంది.

కాబట్టి కాయిల్ కట్టి, దూది పెట్టి, లిక్విడ్ పోసి, మాడ్‌నీ అటామైజర్‌నీ ఒకే గదిలో ఓ పావుగంట పక్కన పెట్టేయండి. టీ తాగి రండి. గది 20, 22 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. వచ్చాక బటన్ నొక్కకుండా ముందు రెసిస్టెన్స్ చదివించి లాక్ చేయండి. చదివిన అంకెని ఫోన్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కొన్ని డీఎన్‌ఏ బోర్డులు గది వేడిని తామే కొలిచి సర్దుకుంటాయి. అయినా కాయిల్ వెచ్చగా ఉంటే వాటికీ తెలియదు.

6. టీసీఆర్ అంకె చేత్తో పెట్టండి

మెనూలో ఎస్‌ఎస్ అని ఉంటుంది, ఏ ఎస్‌ఎస్సో చెప్పదు. 304కి టీసీఆర్ సుమారు 0.00105, 316ఎల్‌కి 0.00092, 430కి 0.00138. మాడ్ 304 అనుకుంటూ ఉంటే, మీరు 316ఎల్ పెట్టి 220 అడిగితే నిజంగా వచ్చేది 248. 430 అనుకుంటే 320! టైటానియం మోడ్‌లో ఎస్‌ఎస్ కాయిల్ పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. రెసిస్టెన్స్ 70 శాతం పెరిగేదాకా మాడ్ ఆగదు, ఎస్‌ఎస్ అంత పెరగాలంటే ఏడు వందల డిగ్రీలు దాటాలి. అంటే అడ్డుకట్టే లేనట్టు.

అందుకే రెడీమేడ్ ఎస్‌ఎస్ మోడ్ వదిలేసి టీసీఆర్ మోడ్‌లోకి వెళ్లండి. చాలా మాడ్‌లలో ఎం1, ఎం2, ఎం3 అని జ్ఞాపకాల గదులుంటాయి. అక్కడ దశాంశాలు లేకుండా 92 అని పెట్టాలి. కొన్నిటిలో 0.00092 అని పూర్తిగా అడుగుతుంది. డీఎన్‌ఏలో అయితే అంకె బదులు ఆ వైరుకి ఏ వేడి దగ్గర రెసిస్టెన్స్ ఎంతో చెప్పే వంపు మొత్తాన్ని ఫైల్‌గా ఎక్కించొచ్చు, స్టీమ్ ఇంజిన్‌లో ఆ ఫైళ్లు దొరుకుతాయి. నికెల్‌కి ఈ పద్ధతే సరైనది, దాని పెరుగుదల సరళరేఖలో ఉండదు. 316ఎల్‌కి ఒక్క అంకె చాలు.

అమెరికాలో కొన్న మాడ్‌లు ఫారెన్‌హీట్‌లో మొదలవుతాయి. 420 అని చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ అది సుమారు 216 సెల్సియస్ మాత్రమే.

7. వాట్లు

టీసీలో వాట్లు అంటే గమ్యానికి ఎంత వేగంగా చేరాలో, అంతే. 0.50 ఓమ్ సింగిల్ కాయిల్‌కి 25 నుంచి 35 చాలు. 60 పెడితే మాడ్ కొలిచి సర్దుకునేలోపే వేడి గీత దాటేసి, మొదటి అరసెకను గొంతు మండుతుంది. 12 పెడితే ఎప్పటికీ 220కి చేరదు, అంటే మీరు వాడుతున్నది పేరుకే టీసీ.

8. నీళ్ల పరీక్ష

ఇప్పటిదాకా పెట్టిన అంకెలు నిజమో కాదో తేల్చడానికి ప్రకృతి ఇచ్చిన ఒక స్థిరమైన గీత ఉంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లున్నంతసేపూ ఎంత మంట పెట్టినా అడుగు మాడనట్టే, దూదిలో నీళ్లున్నంతసేపూ కాయిల్ వంద దాటి ఎక్కువ దూరం పోదు.

ఇలా చేయండి. అటామైజర్ పై మూత తీసేసి, కొత్త దూది పెట్టి, లిక్విడ్ కాకుండా శుభ్రమైన మంచినీళ్లతో తడపండి. దూది నిండుగా తడవాలి, కారకూడదు. చల్లబడనిచ్చి లాక్ చేయండి. టెంపరేచర్ 200, వాట్లు 15 పెట్టి ఐదారు సెకన్లు నొక్కి, తెర మీద కదిలే అంకె చూడండి. నోరు పెట్టకండి, ఇది పీల్చడానికి కాదు.

అంకె గబగబా ఎక్కి 100, 115 మధ్య ఎక్కడో నిలబడిపోవాలి. వైరు ఉపరితలం మరిగే నీళ్లకన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది కాబట్టి సరిగ్గా వంద రాకపోతే తప్పేమీ కాదు. దూది ఎండుతున్నకొద్దీ అంకె మళ్లీ పైకి లేస్తుంది, అప్పుడు వదిలేయండి. మీ మాడ్ కదిలే వేడి చూపించకుండా ఓమ్ మాత్రమే చూపిస్తే, 0.50 కాయిల్ 0.54 దగ్గర ఆగిందో లేదో చూడండి.

125 దగ్గర నిలబడితే మాడ్ నిజం కన్నా ఎక్కువ చెబుతోంది, అంటే టీసీఆర్ అంకె తక్కువ పెట్టారు. 92 నుంచి 96కి, అక్కడి నుంచి 100కి పెంచి చూడండి. 90 దగ్గరే నిలబడితే తక్కువ చెబుతోంది, అసలు కాయిల్ తెర కన్నా వేడిగా ఉంది. అంకె తగ్గించండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: టీసీఆర్ పెంచితే అదే సెట్టింగ్ దగ్గర కాయిల్ ఇంకా వేడెక్కుతుంది. అందుకని ముందు చల్లటి లాక్, కనెక్టర్ మళ్లీ సరిచూసుకున్నాకే ఈ అంకె ముట్టుకోండి. 80 కన్నా కిందికో 110 కన్నా పైకో వెళ్లాల్సి వస్తే వైరు 316ఎల్ కాకపోవచ్చు.

9. పొడి దూది పరీక్ష

నీళ్ల పరీక్ష కింది గీతని చూపిస్తుంది. మనం వాడే 220 దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే దూదే సాక్షి. పాత దూది తీసేసి, కాయిల్ ఆరాక, పలచటి పొడి దూది ముక్క కాయిల్‌లోంచి లాగండి. చుట్లకి ఆనాలి, బిగుతుగా ఉండకూడదు. పక్కన నీళ్ల గిన్నె పెట్టుకోండి. ఆల్కహాల్ సీసా దూరంగా ఉండాలి, ముఖం ఇంకా దూరంగా.

200 పెట్టి 15 వాట్లతో ఐదు సెకన్లు నొక్కి, దూది కాస్త పక్కకి లాగి చూడండి. తెల్లగానే ఉండాలి. పది డిగ్రీలు పెంచి, దూదిలో కొత్త చోటు కాయిల్ మీదికి తెచ్చి మళ్లీ. 210, 220 దాటాక ఎక్కడో లేత గోధుమ రంగు చారలు మొదలవుతాయి, 230 దాటాక రంగు ముదురుతుంది. 200లోపే గోధుమ రంగు వచ్చిందంటే అసలు వేడి తెర చెప్పేదానికన్నా ఎక్కువ. 250లోనూ తెల్లగా ఉందంటే తక్కువ. నల్లబడితే, పొగ లేస్తే వెంటనే ఆపేయండి, అక్కడ టీసీ పనిచేయడం లేదు. దూది రకాన్ని బట్టి పది డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు కాబట్టి ఒకే బ్రాండ్ దూదితో పోల్చుకోండి.

చారలు ఎక్కడ పడ్డాయో కూడా చూడండి. ఏడు చుట్ల గుర్తులూ ఒకే రంగులో ఉంటే కాయిల్ సమంగా కాలుతోంది. ఒక చివర రెండు చుట్లే ముదురుగా ఉంటే అక్కడ చుట్లు దగ్గరగా ఉన్నాయి, లేదా ఆ వైపు కాలు సరిగ్గా బిగలేదు. మాడ్‌కి తెలిసేది సగటు మాత్రమే. రెండు చుట్లు 280లో, ఐదు చుట్లు 195లో ఉన్నా దానికి 220 అనే అనిపిస్తుంది.

10. రోజూ వాడేటప్పుడు

ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. కలిపిన లిక్విడ్ ఈ రెండిటి మధ్యలో మరుగుతుంది, గ్లిజరిన్ పాలు పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. సగం సగం ఉన్నదానికి 205 దగ్గర, 70 శాతం గ్లిజరిన్ ఉన్నదానికి 215 దగ్గర మొదలుపెట్టి, ఐదేసి డిగ్రీలు పెంచుకుంటూ మీ రుచికి ఆగండి. 240 దాటాలనిపిస్తే లిక్విడ్‌నో గాలి రంధ్రాన్నో మార్చి చూడండి, వేడి కాదు.

దూది మరీ కుక్కినట్టు పెడితే లిక్విడ్ అందదు, మరీ వదులైతే చుట్లకి ఆనదు. రెండు సందర్భాల్లోనూ కాయిల్‌లో కొంత భాగం పొడిగా ఉండిపోతుంది. పైన చెప్పిన సగటు గొడవ వల్ల టీసీ దాన్ని పసిగట్టలేదు. టీసీ ఉంది కదా అని దూది విషయంలో ధీమా వద్దు.

ఆవిరి రోజురోజుకీ తగ్గుతోంది, చల్లటి ఓమ్ మాత్రం మీరు రాసి పెట్టుకున్న అంకెకే ఉంది అంటే కాయిల్ మీద నల్లటి పెచ్చు కట్టింది. తియ్యదనం కోసం సుక్రలోజ్ కలిపిన లిక్విడ్‌తో ఇది త్వరగా వస్తుంది. వైరు 220కి చేరుతోంది, ఆ వేడి పెచ్చు దాటి లిక్విడ్‌కి చేరడం లేదు. వేడి పెంచితే పెచ్చు ఇంకా మాడుతుంది. దూది తీసి, వేడినీళ్ల కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, మళ్లీ చల్లటి లాక్ చేయండి. ఎర్రగా కాల్చి శుభ్రం చేయడం వాట్ మోడ్ అలవాటు. ఎస్‌ఎస్ తట్టుకుంటుంది గానీ పై పొర పాడవుతుంది, రెసిస్టెన్స్ కదులుతుంది. వైరు చవక, కొత్తది కట్టుకోవడమే నయం.

చల్లటి ఓమ్ 0.50 నుంచి 0.52కి జరిగి ఉంటే అది పెచ్చు కాదు, బిగింపు. స్క్రూలు, పిన్ను, కనెక్టర్ చూడండి. సరిచేశాకే మళ్లీ లాక్. ఆ 0.52నే కొత్త చల్లటి అంకెగా లాక్ చేస్తే వదులుని ఖాయం చేసినట్టవుతుంది.

లిక్విడ్ నింపడానికి అటామైజర్ విప్పి మళ్లీ పెట్టగానే మాడ్ కొత్త కాయిలా, పాతదేనా అని అడుగుతుంది. కాయిల్ అదే అయితే, అప్పటిదాకా వాడుతూ ఉంటే, పాతదే అని నొక్కండి. కొత్తది అంటే వెచ్చటి కాయిల్‌ని చల్లటిదిగా రాసుకుంటుంది, అక్కడి నుంచి ప్రతి పఫ్పూ ఇరవై డిగ్రీలు ఎక్కువ. కొన్ని మాడ్‌లు అడక్కుండానే తమంతట తాము చదివేస్తాయి. వాటిలో రెసిస్టెన్స్ లాక్ గుర్తు తెర మీద ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి, లేకపోతే పావుగంట ఆగి మళ్లీ లాక్ పెట్టండి.